చేతిదీపము

వనపర్తి ప్రాంతమున దసరా వెళ్లిన దినములలో పల్లి విత్తుదురు. పుస్తకములలో వేరుసెనగ యనబడు ఈ గింజను గద్వాలవైపు బుడ్డలనియు పిలుతురు. పేరేదైనను విత్తనము నేలలో పడిన రాత్రినుండియే రైతునకు నిద్ర కరవు. పగలు కాకులు, రాత్రి అడవిపందులు. పంది యొక సాలు పట్టెనా, ముట్టెతో మన్ను చిమ్ముకొనుచు కొసవరకు పోయి విత్తిన గింజలను తినివేయును. అందుచేత ఆ దినములలో చేలవైపు చూచినచో మంచె లుండును. మంచెపై గొంగడి కప్పుకొనిన మనిషి యుండును. ఆతని ప్రక్కన బ్యాటరీ దీపము ఉండును.

కొందరు ఈ జాగారము చేయలేక చేనిచుట్టు కరెంటు తీగ లాగుదురు. అది నేరము, నేరమునకు మించిన ఘోరము. ఆ తీగకు పంది యనియు మనిషి యనియు భేదము తెలియదు. చేతిలో దీపముతో తెల్లవార్లు కూర్చుండు రైతు కష్టపడుచున్నాడు నిజమే. కాని ఎవరి ప్రాణమును తీయుట లేదు.

అట్టి యొక మంచెమీదికి దసరా సెలవులలో ఎనిమిదవ తరగతి చదువు మనుమడు తాతకు తోడుగ వచ్చెను. వాని తండ్రి హైదరాబాదులో రాత్రికాపలా పని చేయును. ఆయన కొని పంపిన క్రొత్త దీపము పిల్లవాని చేతిలో నుండెను. జానెడు పొడవు, నల్లని అల్యూమినియపు ఒడలు, జారకుండ గీతలు తీసిన పట్టు. పోలీసులు, సైనికులు, అడవిలో తిరుగువారు వాడు జాతికి చెందినది. పిల్లవాడు మీట నొక్కెను. వెలుగు ఒక తెల్లని బద్దవలె చీకటిని చీల్చుకొనిపోయి చేనికి అవతలనున్న చింతచెట్టుపై పడెను. కొమ్మలలో నిద్రించు కొంగలు కలవరపడి లేచెను.

“తాతా, చింతచెట్టు దాక పోతున్నది చూడు!”

“పోతున్నది గాని, ముందు కిందికి పట్టు బిడ్డా. పాము చింతచెట్టు మీద లేదు, మన కాళ్లకాడ ఉంటది.”

ముసలివాడు ఈ మాటను ఊరక అనలేదు. తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు 2018 జనవరి 1వ తేదీనుండి వచ్చినది. అంతకుముందు కరెంటు వంతులవారీగ వచ్చెడిది. ఆ వంతు అర్ధరాత్రి పడెనేని, రైతు అర్ధరాత్రియే లేచి బావివద్దకు పోయి మోటారు వేయవలెను. ఆ కాలమున ఒకనాటి రాత్రి ఈ ముసలివాని తమ్ముడు ఇట్లే లేచెను. ఇంటనున్న బ్యాటరీలో సెల్లులు అయిపోయి రెండు దినములైనది. సంతనాడు తెచ్చుకొందమని ఊరకుండిరి. తెలిసిన దారియే గదా యని ఆతడు చీకటిలోనే పోయెను. కాలికి ముల్లు గ్రుచ్చినట్లయినదని మాత్రము ఇంటికి వచ్చి చెప్పి పండుకొనెను. తెల్లవారుసరికి కనురెప్పలు వ్రాలిపోయెను, మాట ముద్దయయ్యెను. కట్లపాము కాటు తరచు ఇట్లే యుండును. నొప్పి తెలియదు, వాపు కనబడదు, గాటు కూడ సరిగా కానరాదు. విషము మెల్లగా నరములను పట్టి ఊపిరిని ఆపివేయును. ఆసుపత్రికి చేరులోపలనే ఆతడు పోయెను. రెండు సెల్లుల వెల ఆనాడు ఎంతయో ముసలివానికి నేటికిని జ్ఞాపకమే. ఆ మాట మాత్రము ఇంటిలో ఎన్నడును ఎత్తడు.

ఇది ఒక్క ఇంటి దుఃఖము కాదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన పండ్రెండు లక్షలమంది మరణించిరని, అనగా ఏటేట సుమారు 58,000 మంది యని, 2020లో పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో పెక్కురు పల్లెలవారు. మరణములలో సగము జూను, సెప్టెంబరుల నడుమ వానకాలపు నెలలలోనే సంభవించినవి. మరణములు ఎక్కువగనున్న రాష్ట్రములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము ఒకటి. రక్తపింజర, కట్లపాము, నాగుబాము, ఈ మూటి కాటులే వానిలో హెచ్చు. ఇన్ని ప్రాణములకు ఒక్క దీపమే అడ్డు కాజాలదు. ఆసుపత్రి దగ్గరగ నుండవలెను, మందు సిద్ధముగ నుండవలెను. అయినను అడుగుముందు గజము మేర నేల కనబడుచున్నచో, ఆ అడుగు పాముమీద పడకుండ తప్పించుకొనవచ్చును.

పిల్లవాడు దీపమును ఆర్పి, అది వచ్చిన అట్టపెట్టెను తీసి, సెల్‌ఫోను వెలుగులో దానిపై వ్రాసియున్న సంగతులను చదువసాగెను. పెట్టెమీది అంకెలు పెండ్లిళ్ల పేరయ్య మాటలవంటివి. అబద్ధములు కావు, కాని వానిని వినవలసిన తీరున వినవలెను. “వేయి ల్యూమెనులు” అని మొదటి పంక్తిలో నుండెను. ల్యూమెను అనగా దీపమునుండి అన్నివైపులకు వెలువడు వెలుగు మొత్తమునకు కొలత. రెండు సెల్లులతో వెలుగు పాత బల్బు దీపము ఇరువది ల్యూమెనులకు లోపే ఇచ్చెడిది. ఆ లెక్కను క్రొత్త దీపము ఏబది పాత దీపములకు సమానము. వెలుగు మొత్తము ఒక సంగతి, అది పోవు దూరము వేరొక సంగతి. కుండెడు నీరు నేలపై ఒలికినచో మడుగు కట్టును. అదే నీరు సన్నని గొట్టమున పోయినచో దూరముగ చిమ్మును. దూరము చిమ్ము గుణమునకు కొలత క్యాండెలా.

రెండవ పంక్తిలో “మూడువందల మీటర్లు” అని యుండెను. ఇచ్చటనే చదువరి మోసపోవును. 2009లో అమెరికాలో ఏర్పడిన ప్రమాణము ప్రకారము, దీపపు వెలుగు తగ్గి తగ్గి నిండుపున్నమి వెన్నెలయంత యగు చోటే దాని దూరపు హద్దు. కనుక మూడువందల మీటర్లనగా అక్కడ పగలువలె నుండునని కాదు, వెన్నెలవలె నుండునని. అందులో సగము దూరమున, అనగా నూటయేబది మీటర్లవద్ద, వెలుగు నాలుగింతలుండును. ఆరువందల మీటర్లు పోవలెనన్నచో దీపపు ఉజ్జ్వలత రెండింతలైన చాలదు, నాలుగింతలు కావలెను. దూరమును రెట్టించినకొలది వెలుగు వర్గముగ పలుచనగుటయే దీనికి కారణము.

“వెన్నెలంత అయితే వెన్నెలే మేలు గద, పైసలు పెట్టుడెందుకు?” అని తాత నవ్వెను. పిల్లవాడు కొంచెము చిన్నబుచ్చుకొనెను.

ఈ దీపపు వంశచరిత్ర చిన్నదే. 1899 జనవరిలో డేవిడ్ మిసెల్ అను నాతనికి అమెరికాలో గొట్టపు ఆకారముగల చేతిదీపముపై హక్కుపత్రము లభించినది. ఆనాటి పొడి సెల్లులు బలహీనములు. బల్బు కొలది క్షణములు మెరసి ఆరిపోయెడిది. సెల్లునకు విశ్రాంతి యిచ్చి మరల వెలిగించెడివారు. అందుచేతనే దానికి ఆంగ్లమున మెరపుదీపమను అర్థముగల ఫ్లాష్‌లైటు అను పేరు వచ్చినది. తరువాత శతాబ్దమంతయు సన్నని లోహపు తీగ కాగి తెల్లబడి యిచ్చు వెలుగే వెలుగు. ఎల్.ఇ.డి. అను చిన్న పలుకు ఈ స్థితిని మార్చినది. నీలి వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. నీలి పలుకుపై పచ్చని పూత పూసినచో, నీలిమయు పసిమియు కలిసి కంటికి తెలుపుగ తోచును. పిల్లవాని చేతనున్న దీపములో వెలుగునది అదియే. దానికి బలమునిచ్చునది లిథియం సెల్లు. అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు. అందుచేతనే దానిపేరు 18650. ఈ జాతి సెల్లులు 1991లో అంగడికి వచ్చినవి.

ఇంత బలము ఊరక రాదు. దీపమునకు పోవు విద్యుత్తులో సగమునకు మించి వేడిగ మారును. నిండు వెలుగున కొలది నిమిషము లుంచినచో ఒడలు చేతిని చురుక్కుమనిపించును. అంతట లోపలి యంత్రాంగము తనంతతానే వెలుగును తగ్గించును. వేయి ల్యూమెనులు తెల్లవార్లు వెలుగునని యెంచుట పొరపాటు. వెలుగుచున్న దీపమును జేబులోగాని గొంగడిలోగాని పెట్టరాదు. నలిగిన లిథియం సెల్లు నిప్పంటుకొనును.

మూడవ పంక్తి “నీరు చొరదు” అని చెప్పుచుండెను. వనపర్తికి దక్షిణమున కృష్ణ, ఆవల గద్వాల. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ గడ్డను నడిగడ్డ యందురు. జూరాలవద్ద జాలరులు గుండ్రని పుట్టిలో కూర్చుండి వలలు వేయుదురు. వారికి ఈ మూడవ పంక్తియే ముఖ్యము. పుట్టిలో ఎప్పుడును నీరుండును. దీపము ఆ నీటిలోనే పడియుండును. 2009 అక్టోబరులో రెండు నదులును ఒక్కమారు పొంగి అలంపురమును, రాజోలిని, ఆవలి గట్టున కర్నూలును ముంచినప్పుడు, విద్యుత్తు లేని ఆ రాత్రులలో వెలుగు విలువ జనులకు తెలిసినది. వరదనీరు బురదనీరు, ఎంతటి దీపమైనను దాని అడుగును చూపలేదు. అట్టిచోట దీపము మనము చూచుటకంటె మనము కనబడుటకే ఎక్కువ పనికివచ్చును. మూడు పొట్టి మెరపులు, మూడు పొడుగు మెరపులు, మరల మూడు పొట్టి మెరపులు, ఇది ఆపదలోనున్నామను సంకేతము, ప్రపంచమంతట ఎరిగినది. ఈ సంకేతమును మీట నొక్కినంతనే తనంత మెరయు ఏర్పాటు పిల్లవాని దీపములో నుండెను. ఆతడు దానిని పరీక్షింపబోగా తాత వారించెను. ప్రక్కచేలవారు నిజమనుకొని పరుగెత్తివత్తురు.

రాత్రి రెండవ జాము గడచెను. పిల్లవాడు అప్పుడప్పుడు దీపము వెలిగించి చేనంతయు కలియజూచి, “కండ్లు మెరుస్తలేవు తాతా, పందులు రాలేదు” అనుచుండెను. బడిలో చదివిన చదువు తప్పు కాదు. లేడి, దుప్పి, చిరుతపులి మొదలగువాని కంటి వెనుక అద్దమువంటి పొర యొకటి కలదు. లోపలికి పోయిన వెలుగును అది వెనుకకు కొట్టుటచే ఆ కన్నులు చీకటిలో మెరయును. కాని పంది కంటిలో ఆ పొర లేదు. దానిపై వేయి ల్యూమెనులు పడినను నిప్పుకణికవలె వెలుగదు. తాతకు పొరల సంగతి తెలియదు. పంది కన్ను మెరయదని మాత్రము తెలియును. ఆయన కన్నులకొరకు వెదకడు. చెవితో విని, చప్పుడైన వైపు మాత్రమే దీపము చూపును. మిగిలినంత సేపు చీకటిలోనే కూర్చుండును. కంటికి చీకటి పూర్తిగ అలవాటగుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఒక్క పెద్ద వెలుగుతో ఆ సంపాదన యంతయు పోవును.

ఈ పొదుపు నల్లమల అడవిలో తిరుగువారికి ఇంకను బాగుగ తెలియును. నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు చేరినచో అమ్రాబాదు పులుల అభయారణ్యము మొదలగును. దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలము పోవు బాట ఆ అడవి నడుమనే పోవును. మృగములు బండ్లక్రింద పడకుండుటకు రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరువరకు బండ్లను ఆపు నియమము అక్కడ ఏర్పడినది. పెద్ద వెలుగు ఎదుట పడిన జంతువు దారి తెలియక నిలిచిపోవుటయే ఆ ప్రమాదములకు ఒక కారణము. ఇదే గుణమును కనిపెట్టి పూర్వము వేటకాండ్రు దీపపు వెలుగున కుందేళ్లను కొట్టెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట నేరమైనది. అదే దీపము నేడు వేటకాండ్రను వెదకు అటవీ ఉద్యోగుల చేతిలో నున్నది. ఇక తేనె తీయు చెంచుల యెదుట ఈ దీపమును వెలిగింపరాదు. కొండతేనెటీగ రాత్రివేళ కదలెనా, నేరుగ వెలుగువైపే వచ్చును. బండచరియ అంచున తాటిపై వ్రేలాడు మనిషికి చేతిలోని పెద్ద వెలుగు శత్రువే.

ఆ బాటయే పోయి పోయి దోమలపెంటవద్ద కృష్ణలోయలోనికి దిగును. అక్కడ కొండ కడుపున మనుష్యులు చేసిన చీకటులు కలవు. ఒకటి శ్రీశైలపు ఎడమగట్టు విద్యుత్కేంద్రము. ఒక్కొక్కటి 150 మెగావాట్లు గల ఆరు యంత్రములు నేలలోపల పనిచేయును. రాష్ట్రమునకు వెలుగు పంపునట్టి ఆ చోటనే, 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అగ్నిప్రమాదము కలిగి తొమ్మిదిమంది మరణించిరి. లోపలికి పోయిన రక్షకదళములు పొగ ధాటికి మరల మరల వెనుకకు రావలసివచ్చినది.

పొగలో దీపము ఏల పనిచేయదో ఏ పెట్టెమీదను వ్రాయరు. పొగ యనగా గాలిలో తేలు కోట్లకొలది రేణువులు. దీపము వెలిగింపగనే ప్రతి రేణువును కొంత వెలుగును పట్టి మన కంటిమీదికే విసరును. వెలుగు పెంచినకొలది ఎదుట తెల్లని గోడ చిక్కబడును. ఆ గోడ వెనుక ద్వారమున్నను కానరాదు. అందుచేత అగ్నిమాపక దళమువారు దీపమును కంటివద్ద పెట్టుకొనరు. రొమ్మువద్ద తగిలించుకొందురు, లేదా నడుమునకు క్రింద పట్టుకొందురు. పొగ సాధారణముగ పైకెగయును గనుక, నేలకు దగ్గరగ కొంత తేట యుండును. వంగి, దీపమును నేలబారుగ ప్రసరింపజేసి, గోడను చేతితో తడవుచు పోవుదురు. నడుమునకు త్రాడు కట్టుకొందురు. కన్ను పనిచేయనిచోట త్రాడే దారి. ఆ రాత్రి లోపల చిక్కినవారు దినదినము ఆ మెట్లపై తిరిగినవారే. దారి తెలియనివారు కారు.

రెండవ చీకటి శ్రీశైలపు ఎడమగట్టు కాలువ సొరంగము. కృష్ణాజలములను నల్లగొండవైపు తీసికొనిపోవుటకై సుమారు నలుబదినాలుగు కిలోమీటర్ల పొడవున తలపెట్టినది. 2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంటవైపు తవ్వకమున, ముఖమునుండి సుమారు పదునాలుగు కిలోమీటర్ల లోపల, కప్పు కూలి ఎనమండుగురు చిక్కుకొనిరి. సైనికులు, నావికులు, జాతీయ విపత్తు దళమువారు, సింగరేణి గని కార్మికులు వారికొరకు లోపలికి పోయిరి. బురద, ఊటనీరు, విరిగిన యంత్రపు ఇనుము అడుగడుగున అడ్డుపడెను. గని కార్మికుని దీపము చేతిలో నుండదు. తలపై టోపీకి నుండును. పార పట్టు రెండు చేతులును ఖాళీగ నుండవలెను గదా! అది ఆతడు చూచు దిక్కునే వెలుగును. బొగ్గుగనులలో దానికి మరియొక నియమము కలదు. లోపలి నిప్పురవ్వ ఏదియు వెలుపలి వాయువునకు అంటరాదు. అంగట దొరకు వేయి ల్యూమెనుల దీపము ఎంత మెరసినను అట్టి గనిలోనికి తీసికొనిపోరాదు. దోమలపెంట సొరంగమునుండి మార్చి నెలలో రెండు మృతదేహములు వెలికివచ్చినవి. చిక్కినవారిలో పెక్కురు దూరరాష్ట్రములనుండి కూలికి వచ్చినవారు. వారి ఇంటివారు సొరంగపు వాకిట కూర్చుండి, లోపలినుండి వచ్చు ప్రతి దీపమును చూచుచుండిరి.

మంచెమీద పిల్లవాడు కునికిపాట్లు పడుచుండగా, చేని తూర్పుకొసన చప్పుడైనది. తాత ముందుగ వినెను. ఇద్దరును మంచె దిగిరి. దీపము పిల్లవాని చేతిలోనే యుండెను. తాత దానిని అడుగలేదు. పిల్లవాడు మొదట చప్పుడువైపు ఎత్తబోయి, ఆగి, వెలుగు తగ్గించి గట్టుపైకి వంచెను. పది అడుగులు నడచిరో లేదో, గట్టుకు అడ్డముగ నల్లని ఒడలిపై తెల్లని సన్నని కట్లుగల పాము యొకటి మెల్లగ ప్రాకుచు కనబడెను.

“తాతా,” అని పిల్లవాడు గొంతు తగ్గించి పిలిచెను.

“చూసిన. కదలకు. పోనీ దాన్ని.”

తూర్పుకొసన పందులు పల్లి గింజలను తవ్వుచునే యుండెను. ముసలివాడు అటు చూడలేదు. పాము గట్టు దిగి గడ్డిలో కనుమరుగగువరకు ఇద్దరును నిలిచిరి. తరువాత పిల్లవాడు, వెనుక వచ్చు తాతకు అడుగు పడు చోటు కనబడునట్లు ఒకింత ప్రక్కకు జరిగి, దీపమును నేలకు పట్టి నడచెను.